జానకొక ఎత్తు

ఈరప్ప ఆట నా ఫోనుకు వచ్చినప్పుడు నా ముందు కాలిపోయిన మోటారు ఒకటి విప్పి ఉంది. కంబదూరు బస్టాండు వెనక నాది వైండింగ్ అంగడి. బోరులో నీళ్లు అడుగంటినా ఆశ చావక తిప్పి, మోటారు కాల్చుకుని వచ్చేవాళ్లే నాకు గిరాకీ. విప్పగానే నేను చేసే మొదటి పని పాత తీగ చుట్లు లెక్కపెట్టడం. అంతకుముందు చుట్టినవాడు ఎలాంటివాడో అక్కడే తెలిసిపోతుంది. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. పాడైనవి విప్పి చూసి నేర్చుకున్నాను. చదరంగం కూడా అలాగే నేర్చుకున్నాను.

ఫోనులో వచ్చింది మా జిల్లా చదరంగం గ్రూపు సందేశం. ఆదివారం కళ్యాణదుర్గం పోటీలో ప్రవీణ్ ఓడిపోయాడు. ప్రవీణ్ అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. బెంగళూరు నుంచి ఒక కోచ్ అతనికి ఫోనులో పాఠాలు చెబుతాడు. మా జిల్లాలో అతను ఓడిపోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఓడించినవాడి పేరు ఈరప్ప. ప్రవీణే ముప్పై ఒక్క ఎత్తుల ఆటనంతా టైపు చేసి, 'ఇలాంటి ఆట నేనెప్పుడూ ఆడలేదు, అందరూ చూడండి' అని పంపాడు. నలభైమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టి, ఫోను బోర్లించాను.

నేను ఇరవై రెండేళ్లుగా ఆడుతున్నాను. బెంగళూరు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకొచ్చి, ఇంగ్లీషు రాకపోయినా ఎత్తుల గుర్తులు పట్టుకుని చదివాను. నాలుగు నోటుపుస్తకాలు నింపాను. ఈ ఇరవై రెండేళ్లలో నా ఆట ఒక్కటి కూడా 'చూడండి' అని ఎవరూ ఎవరికీ పంపలేదు.

ఏటా దసరా దాటాక జిల్లా జట్టును ఎంపిక చేస్తారు. నలుగురు రాష్ట్ర పోటీలకు పోతారు. పోయినేడు నేను అయిదోవాణ్ని. అంతకు ముందేడు ఆరు. ఈ ఏడు ప్రవీణ్‌తో కలిపి ముగ్గురు ఖాయం. నాలుగో కుర్చీ నాదేనని నా లెక్క. ఇంట్లో నా భార్య రేఖతో కూడా చెప్పేశాను. అప్పటికే నా వయసు నలభై తొమ్మిది. ఇప్పుడు పోకపోతే ఇక పోయేది లేదు. అలాంటప్పుడు ఈ ఈరప్ప ఎక్కడినుంచి వచ్చాడు?

వాకబు చేశాను. గుమ్మఘట్ట అవతల, కర్ణాటక పొలిమేరకు దగ్గరగా ఉండే ఊరు. ఉన్ని కంబళ్లు నేస్తాడు. కన్నడ బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. పుస్తకం చూసి చదరంగం నేర్చుకున్నవాడు కాదు. ఫోనులోనూ ఆడడు. వాళ్ల నాయన దగ్గర పాత పద్ధతిలో నేర్చుకున్నాడట.

పాత పద్ధతి అంటే చెప్పాలి. మా పక్క పెద్దవాళ్లు ఆడిన చదరంగంలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడుస్తుంది. ఇప్పటి ఆటలో రాజును ఒక్క ఎత్తులో పక్కకు జరిపి, ఏనుగును దూకించి కాపలా పెట్టడం ఉంది. దాన్ని క్యాస్లింగ్ అంటారు. పాత ఆటలో అది లేదు. దానికి బదులు రాజు ఆట మొత్తం మీద ఒక్కసారి గుర్రంలా గెంతొచ్చు. ఆ గెంతుతో మూల దగ్గర చేరి కూర్చుంటాడు.

ఇది తెలిశాక ఈరప్ప ఆట మళ్లీ తెరిచాను. నల్ల పావులు అతనివి. బంట్లన్నీ ఒక్కో గడే కదిలాయి. అందరూ క్యాస్లింగ్ చేసే చోట అతను చేయలేదు. రాజును ఒక గడి పక్కకు నడిపించి, తర్వాత ఇంకో గడి ఏటవాలుగా ముందుకు నడిపించాడు. రెండు ఎత్తులు కలిపి చూస్తే గుర్రం గెంతే! పాత అలవాటునే కొత్త రూల్‌లో ఇరికించుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ ఆట చూసి నాకు నవ్వు రావడం అదే మొదలు. ఫోనులో ఉండే చెస్ ఇంజను కూడా అక్కడ నా పక్షమే మాట్లాడింది. తెల్లకు ఒక బంటు పైనే లాభమని అంకె చూపించింది.

కానీ గెలిచింది నల్ల. మూలలో కదలకుండా ఉండిపోయిన ఏనుగు ముందు ఒక బంటు ఒక్కో గడీ నడుచుకుంటూ పోయి, ప్రవీణ్ రాజు ఇంటి గోడ పడగొట్టింది. ఆ సందులోంచి ఏనుగు వచ్చి పడింది. గాలివాటం గెలుపు అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. రెండు రోజులకు కొట్టేశాను. మళ్లీ రాశాను.

మధ్యాహ్నం కరెంటు పోయే రెండు గంటలూ ఆ ఆటతోనే గడిచేవి. స్టూలు మీద బోర్డు పరచుకుని ఎత్తు ఎత్తుకూ ఆగేవాణ్ని. ఒకరోజు అన్నం తెచ్చిన రేఖ గిన్నె పెట్టడానికి చోటు లేక నిలబడింది.

"ఇంకా ఆయప్ప ఆటేనా? నీ ఆటలు నువ్వు ఇన్నిసార్లు సూసుకున్న్యావా ఎప్పుడన్నా?"

"తప్పు యాడుండాదో పట్టాల కదా."

"ఎవురి తప్పు?"

"ఆయప్పదే."

"గెలిసినోని ఆటలో తప్పు ఎతికేదానికి ఇన్ని దినాలా? నాకైతే కుళ్లు మాదిరే కనపడతాంది."

గిన్నె మోటారు మీద పెట్టి పోయింది. ఆ రోజు అన్నం చల్లారింది. తప్పు మాత్రం దొరికింది.

అతని రాజు నడిచేది ఎప్పుడూ ఒకే దారి. ఆ దారికి అడ్డంగా నా శకటును పెడితే చాలు. మా పక్క దాన్ని ఒంటె అంటాం. హెచ్ ఆరో గడిలో నా ఒంటె కూర్చుని, వెనక మంత్రి దన్నుగా ఉంటే, నల్ల రాజు ఆ వైపు అడుగు పెట్టలేడు. ఆ వైపు క్యాస్లింగ్ కూడా కుదరదు. ఇక మిగిలింది రెండో వైపు క్యాస్లింగ్. క్యాస్లింగే రానివాడు రెండో వైపు ఎలా పోతాడు? రాజు నట్టనడుమ ఇరుక్కుంటాడు. నోటుపుస్తకంలో ఎర్ర పెన్నుతో పెట్టె గీసి దాచుకున్నాను. ఎంపిక పోటీకి నెల ఉంది.

ఆ వారమే విష్ణువర్ధన్ అంగడి ముందు బండి ఆపాడు. కళ్యాణదుర్గంలో ఎరువుల అంగడి ఆయనది. చదరంగం సంఘానికి కార్యదర్శి. ఊళ్లో ఏ ఎన్నికలు జరిగినా ఆయన ఒకవైపు ఉంటాడు.

"ఏమప్పా రామాంజీ, నీతో ఒక పని పడింది. ఆ కంబళ్ల ఈరప్పకు ఎత్తులు రాసేది రాదు. పోయిన పోటీలో కాగితమంతా గీతలు గీసి పెట్టినాడు. సెలక్షన్‌లో అట్ల ఒప్పుకోరు. రాయకపోతే బయటికే."

"రాకుంటే ఆయప్ప ఖర్మ. నేనేం జేయాల?"

"నువ్వు పోయి నేర్పించల్ల. జిల్లాలో నీ మాదిరి శుద్ధంగా రాసేటోడు యాడుండాడు? నీ కాగితాలు అచ్చేసినట్ల ఉంటాయి."

నన్ను ఎవరైనా పొగిడితే నేను పడిపోతాను. అయినా ఒప్పుకున్నది పొగడ్తకు కాదు. ఆ మనిషిని దగ్గర నుంచి చూడొచ్చు, నేను పట్టిన తప్పు నిజమో కాదో తేల్చుకోవచ్చు అనే ఒప్పుకున్నాను.

రాయదుర్గం దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. ఈరప్ప ఇల్లు ఊరి చివర. ఇంటి ముందు పడుగు చాచి కట్టి ఉంది. ఇరవై అడుగుల ఉన్ని దారాలు రెండు గూటాల మధ్య బిగించి, వాటికి చింతగింజల గంజి పట్టించి కుంచెతో దువ్వుతున్నాడు. నలభై దాటిన మనిషి, బక్కపలచగా ఉన్నాడు. మోచేతుల దాకా గంజి. నన్ను చూసి దువ్వడం ఆపలేదు.

"రా రామాంజన్నా. ఇష్ణువర్ధనన్న ఫోన్ జేసినాడు. కూసో, ఇది ఆరిపోతే దారాలు అంటుకుంటాయి. మారెమ్మా, అన్నకు నీళ్లియ్యి."

అతని భార్య మారెమ్మ రాట్నం దగ్గర నుంచి లేచి చెంబు తెచ్చింది. "ఆట నేర్పేదానికి వచ్చినావా, నేర్సుకునేదానికి వచ్చినావా అన్నా?" అంది నవ్వుతూ.

"రాత నేర్పేదానికి," అన్నాను. నా మొహంలో ఏదైనా కనపడిందేమో అని నీళ్లు గబగబా తాగాను.

అతని పని చూస్తూ కూర్చున్నాను. కుంచె ఒక్కసారి కూడా ఎదురు దువ్వలేదు. తెగిన దారం ఒకటి కనిపిస్తే ఆగి, ఉన్ని పోగులు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి, అతుకు ఎక్కడో తెలియకుండా కలిపాడు. పనివాణ్ని నేను గుర్తుపట్టగలను. గుర్తుపట్టినందుకే ఇంకాస్త మంట పుట్టింది. చేతకానివాడైతే నాకు హాయిగా ఉండేది.

లోపల మగ్గం గుంత ఉంది. గుంత గట్టు మీద, నేసేవాడి ఎడమచేతి పక్కన చెక్క మీద గీసిన చదరంగం గళ్లు. పావులు చేత్తో చెక్కినవి. ఆట మధ్యలో ఆగి ఉంది.

"ఎవరితో ఆడతాండావు?" అన్నాను.

"నాతో నేనే. నాయన పోయినంక ఎవురుండారు?" గుంతలోకి దిగి కూర్చున్నాడు. "నాయన ఉన్నప్పుడు ఇద్దరం నేస్తాంటిమి. ఎదురెదురు మగ్గాలు. నడాన ఈ పలక. జాన నేస్తే ఒక ఎత్తు. జాన నిండేదాకా పావు ముట్టకూడదు, నాయన పెట్టిన కట్టడి. నేను జాన నేసి ఎత్తేస్తా, నాయన జాన నేసి ఎత్తేస్తాడు."

"ఒక ఆట ఎన్నాళ్లు పడుతుంది?"

"దినాలు ఎవురు లెక్కబెట్టినారు? ఏడు కంబళ్ల ఆట, ఎనిమిది కంబళ్ల ఆట అంటాంటిమి. తొందరపడి ఎత్తేస్తే ఇంక దాంతోనే ఏడ్సల్ల. నేసింది ఇప్పలేం, ఎత్తూ ఇప్పలేం."

నేను ఇరవై రెండేళ్లలో ఎన్ని వేల ఆటలు ఆడానో నాకే తెలియదు. ఫోనులో అయితే రోజుకు ఇరవై. ఒక్కో ఎత్తుకు రెండు క్షణాలు. అతను ఏడాదికి నలభై ఆటలు ఆడి ఉంటాడేమో. కానీ జాన నేసేంతసేపూ ఒకే ఎత్తు గురించి ఆలోచించి ఉంటాడు. ఆ లెక్క నాకు నచ్చలేదు.

నా పని మొదలుపెట్టాను. అడ్డ వరసలకు అంకెలు, నిలువు వరసలకు అక్షరాలు. ఏ పావుకు ఏ గుర్తు. కొట్టినప్పుడు ఎలా రాయాలి, రాజుకు చెక్ చెప్పినప్పుడు ఎలా రాయాలి. అతను బీడీ కట్ట అట్ట వెనక రాసుకున్నాడు. రెండుసార్లు చెబితే మూడోసారి అడగలేదు. తను ప్రవీణ్‌తో ఆడిన ఆట మొత్తం పలక మీద నడిపిస్తూ రాసి చూపించాడు. రాజు పక్కకు నడిచిన చోట అతని వేలు ఆగలేదు. నేను ఆ వేలినే చూస్తున్నాను.

క్యాస్లింగ్‌కు రెండు గుర్తులున్నాయి. చిన్న వైపు అయితే రెండు సున్నాలు, పెద్ద వైపు అయితే మూడు. అవి నేను చెప్పలేదు. 'క్యాస్లింగ్ తెలుసా' అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే గుర్తు చేసినట్టవుతుందని భయం. తెలియదనే నాకు కావాలి కాబట్టి తెలియదనే నమ్మాను.

"ఇంకేమన్నా ఉండాదా అన్నా?" అని అతనే అడిగాడు.

"అంతే," అన్నాను.

"నీ ఆటొకటి సూపించరాదూ. నాలుగు పుస్తకాలు నింపినావంట గదా. ఇష్ణువర్ధనన్న సెప్పినాడు."

నా సంచిలో నోటుపుస్తకం ఉంది. దాంట్లో అతని కోసం గీసిన ఎర్ర పెట్టె ఉంది. సంచి ఒళ్లోకి లాక్కున్నాను. "నాదేముందిలే, నీ ఆట ముందర," అన్నాను. అతను అది మర్యాద అనుకున్నాడు. పోయేటప్పుడు ఆటో దాకా వచ్చి, "నువ్వు సెప్పకపోతే నన్ను బయటికి తోసేటోళ్లు అన్నా" అన్నాడు. ఆటో కదిలేదాకా నేను ఎదురుగా రోడ్డే చూశాను.

ఎంపిక పోటీలు అనంతపురంలో ఒక కళ్యాణమండపంలో పెట్టారు. రెండు రోజులు, ఆరు రౌండ్లు. ముగ్గురి పేర్లు అనుకున్నట్టే ముందే తేలిపోయాయి. అయిదు రౌండ్ల తర్వాత నాకూ ఈరప్పకూ పాయింట్లు సమానం. గోడకు అంటించిన కాగితంలో చివరి రౌండు: నాలుగో బోర్డు, తెల్ల రామాంజి, నల్ల ఈరప్ప. గెలిచినవాడికి నాలుగో కుర్చీ. డ్రా చేసుకుంటే ఇద్దరికీ లేదు, వెనకున్న గుంతకల్లు అతను ఎక్కేస్తాడు.

నాకు తెల్ల రావడంతో లోపల పండగైంది. నెల రోజులుగా చదివింది ఈ ఆటకే, ఈ పావులతోనే.

ఈరప్ప ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కూర్చోకముందే చేయి కలిపి, "నా గురువుతోనే పడింది సూడు" అని పక్క బోర్డువాళ్లకు చెప్పాడు. వాళ్లు నవ్వారు. నేను గడియారం సరిచూసుకున్నాను.

ఆట నేను రాసుకున్నట్టే నడిచింది. అతని బంట్లు ఒక్కో గడే కదిలాయి. అతని ఒంటె ఒకటి వచ్చి నా గుర్రం మీద కన్నేసి కూర్చుంది. నేను నా రాజును భద్రం చేసుకున్నాను. ఒంటెను బయటికి తెచ్చాను. మంత్రిని దాని వెనక నిలబెట్టాను. పదకొండో ఎత్తుకు హెచ్ ఆరులో ఒంటెను దించాను. దించేటప్పుడు కొంచెం గట్టిగానే చప్పుడైంది.

ఈరప్ప చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. చాలాసేపు కదల్లేదు. అతని గడియారంలో పన్నెండు నిమిషాలు కరిగిపోయాయి. నేను లేచి నీళ్లు తాగొచ్చాను. ప్రవీణ్ మా బోర్డు దగ్గర ఆగి చూశాడు. అతని కనుబొమలు పైకి లేవడం చూసి, నా ఎత్తుకే అనుకుని పొంగిపోయాను. ఈరప్ప పెదవులు కదులుతున్నాయి. ఎడమచేతి వేళ్లు బల్ల అంచు మీద జాన జానగా కొలుస్తున్నాయి.

తర్వాత మంత్రిని ఒక గడి జరిపాడు. నేనేదో ఆడాను. అతను రాజును పట్టుకున్నాడు. రాజును రెండు గళ్లు నా ఎడమ వైపుకు జరిపి, ఏనుగును ఎత్తి ఇవతల పెట్టాడు. పెద్ద వైపు క్యాస్లింగ్! చేయి ఎక్కడా తడబడలేదు.

గడియారం నొక్కి, పెన్ను తీసి, కాగితం మీద వంగాడు. పెన్ను ఆగిపోయింది. తలెత్తి నన్ను చూశాడు.

"అన్నా, దీన్ని ఎట్ల రాయల్ల? ఇది నువ్వు సెప్పలేదే."

కళ్యాణమండపమంతా నిశ్శబ్దంగా ఉంది. ఇరవై బోర్డుల దగ్గర తలలు లేచాయి. అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నేను మరిచిపోయాననే అనుకుంటున్నాడు. మా దగ్గరికి రాబోతున్న అంపైరును చేత్తో ఆపి, నా కాగితం అతని వైపు తిప్పాను. అతని ఎత్తు రాయాల్సిన గడిలో మూడు సున్నాలు, మధ్య గీతలు పెట్టి చూపించాను.

"మూడు సున్నాలా?" అన్నాడు. "బాగుండాది." చూసి రాసుకున్నాడు.

ఆ తర్వాత ఆడినవాడు నేను కాదు. ఏదో ఒకటి గట్టిగా చేయాలని బంటును ముందుకు తోసి అతని గుర్రాన్ని తరిమాను. ఆ గుర్రం అడ్డు తొలగితే అతని ఒంటెకు దారి తెరుచుకుంటుందని చూసుకోలేదు. అతను ఆ ఒంటెతో నా గుర్రాన్ని కొట్టాడు, నేను తిరిగి కొట్టాను. మూలలో ఉన్న ఏనుగును ఒక గడి పక్కకు తెచ్చాడు. తర్వాత బంటును ఒక్క గడి, ఒక్కటే గడి, ముందుకు జరిపాడు. జి అయిదు.

అప్పుడు కనపడింది. ఆ బంటు నా ఒంటెకూ మంత్రికీ మధ్య అడ్డంగా నిలబడింది. ఒంటె వెనక్కు రాలేదు. ముందుకు పోతే ఏనుగు కొడుతుంది. ఇంకో గడి ముందుకు పోతే ఇంకొకటి కొడుతుంది. వచ్చే ఎత్తులో ఏనుగు పైకి వచ్చి దాన్ని తినేస్తుంది. అతన్ని ఇరికించడానికి నేను పెట్టిన ఒంటె అక్కడే ఇరుక్కుంది. ఒక్క బంటుకు దాన్ని ఇచ్చుకున్నాను. ఇంకో పంతొమ్మిది ఎత్తులు పెనుగులాడి, రాజును పడుకోబెట్టి, కాగితం మీద సంతకం చేశాను.

బయట టీ బండి దగ్గర ఈరప్ప రెండు గ్లాసులు పట్టుకుని నా కోసం నిలబడ్డాడు. తప్పించుకోవడానికి దారి లేదు.

"ఆ ఒంటె ఎత్తు భయపెట్టినాది అన్నా. జాన నేసేంతసేపు ఆలోసించల్సిన ఎత్తు పన్నెండు నిమిషాల్లో ఆలోసించినా."

"క్యాస్లింగ్ నీకు ఎప్పట్నించి తెలుసు?"

"సిన్నప్పటినుంచే తెలుసు గదా. రాయదుర్గంలో బడిపిల్లోళ్లు ఆడతాంటే సూసినా."

"మరి ప్రవీణ్‌తో ఎందుకు చేయలేదు?"

అతను నన్ను వింతగా చూశాడు. "సేస్తే ఏనుగు మూల ఇడిసి వచ్చేస్తాది. నాకు ఏనుగు మూలలోనే కావల్ల, ఆ బంటు ఎనక. దాని పని ఆడుండాది. అందుకే రాజును నడిపిచ్చినా. నువ్వు అంత సదివినావు, అది సూడలేదా?"

చూడలేదు. ఇరవై సార్లు ఆ ఆట నడిపించినా చూడలేదు. అతను రెండు ఎత్తులు దండగ చేశాడని రాసుకున్న చోట, అతను ఏనుగును దాచుకున్నాడు. పాత అలవాటు అనుకున్నది ఆలోచన. నాకు తెలిసిన సంగతి ఒకటి దొరకగానే దాంతో మనిషినంతా కొలిచేశాను.

ఆ గుర్తు కావాలనే చెప్పలేదని అతనికి చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. టీ తాగేశాను. "రాష్ట్ర పోటీల్లో గడియారం చూసుకో. నీకు టైము చాలదు," అన్నాను. అంతవరకే నా చేతనైంది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆట గ్రూపులో ఉంది. ప్రవీణే పెట్టాడు. 'తెల్ల: రామాంజి, నల్ల: ఈరప్ప. హెచ్ 6 ఎత్తు తర్వాత నల్ల ఎలా ఆడిందో చూడండి.' యాభైమందికి పైగా చప్పట్ల బొమ్మలు. ఇరవై రెండేళ్లకు నా ఆట ఊరు దాటింది. ఓడినవాడి పేరుగా దాటింది. రేఖ ఫోను చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి చూసింది.

"నీ పేరు ముందరుండాది గదా," అంది.

"తెల్ల పావులోడి పేరు ముందు రాస్తారు లే."

"అదేలే. ముందరైతే ఉండాది." ఈసారి ఆమె ఎగతాళి చేయలేదు. అదే నాకు ఇంకా కష్టంగా తోచింది.

మూడు వారాలు చదరంగం బోర్డు తీయలేదు. మోటార్లు చుట్టాను. జట్టు నెల్లూరు పోయిందని తెలుసు. గ్రూపు సందేశాలు చదవకుండా పెట్టుకున్నాను. మొదటి రోజు మధ్యాహ్నం తీగ చుడుతుండగా ఫోను మోగింది.

"రామాంజన్నా, నేను, ఈరప్ప. ఓడిపోయినా."

నాకు సంతోషం వేసింది. దాన్ని దాచడానికి ఏమీ లేదు. కడుపులో ఎండాకాలం కుండనీళ్లు తాగినట్టు చల్లగా పడింది. చుట్ల లెక్క తప్పిపోయింది. ఆ తీగ మళ్లీ మొదటినుంచి చుట్టాలి.

"ఎదుటోడు నీ ఒంటె ఎత్తే ఏసినాడు అన్నా," అంటున్నాడు. "మన ఆట ఫోనులో సూసుకొని వచ్చినాడంట. పేరు కూడా సెప్పినాడు, రామాంజి ఎత్తు అని. అదే గడి, హెచ్ ఆరు. నేను నీ మీద ఆడినట్లే ఆడినా, ఆయప్పకు పనికి రాలేదు. మళ్లా రేపు ఇంకొకడు అదే ఏస్తాడు. యాడ తప్పు జేసినానో తెలీడంలేదు. ఈడ అందరూ ఇంగ్లీషులో సెప్తాండారు. నువ్వు సెప్పు."

నా ఎత్తుతో ఇంకొకడు గెలిచాడు. ఎవడో తెలియనివాడు నెల్లూరు హాలులో కూర్చుని, నేను నెల రోజులు తవ్వి తీసిన ఎత్తు వేసి, నేను చేసిన తప్పు చేయకుండా గెలిచాడు. ఈరప్ప మీద ఉన్న మంట కాస్తా వాడి మీదికి మళ్లింది. కానీ వాడు ఏం చేశాడో తెలుసుకోవాలన్న ఆత్రం ఆ మంట కంటే పెద్దదిగా ఉంది.

"కాగితం చేతిలో ఉండాదా?" అన్నాను.

"ఉండాది. అంతా రాసినా. మూడు సున్నాలు కూడా."

"మెల్లిగా సదువు. ఉండు, బోర్డు తీస్తా."

స్టూలు మీదున్న తీగ చుట్ట కింద పెట్టి, చేతులు బనీనుకు తుడుచుకుని, పావులు పేర్చాను. అతను ఒక్కో ఎత్తూ కూడబలుక్కుని చదివాడు. నేను ఒక్కోటీ జరిపాను. పదమూడో ఎత్తు దగ్గర వాడు నాలాగా బంటు తోయలేదు. నా గుర్రం చచ్చిన గడిలోంచి తన గుర్రాన్ని ముందే తీసేశాడు. దాంతో ఈరప్ప ఒంటెకు కొట్టడానికి ఏమీ మిగల్లేదు. జి అయిదుకు బంటు వచ్చినా ఆ గుర్రమే వాడి ఒంటెను కాస్తుంది.

"ఆపు. ఆడ నువ్వు ఏమాడినావు?"

"బంటు. జి అయిదు. నీ మీద ఆడినట్లే."

"గుర్రం లేచిపోయినాక కూడా అదేనా? ఎవుని ఆట ఆడినావప్పా నువ్వు? ఆయప్పదా, నాదా?"

అవతల నవ్వు వినపడింది.

"తిట్టుకుంటా ఉండు అన్నా," అన్నాడు. "నేను పలక పరుస్తా. మళ్లా మొదటినుంచి సెప్పు."